కుడి నుంచి ఎడమకు

పోయిన ఆషాఢంలో ఒక మధ్యాహ్నం, వాన పడాలా వద్దా అని మబ్బు ఎటూ తేల్చుకోలేకపోతున్న వేళ, మా అశోక్‌నగర్ ఫ్లాటు గంట మోగింది. తలుపు తీస్తే ఇరవై దాటిన అమ్మాయి నిలబడి ఉంది. పొడుగ్గా, నల్లగా, తలమీద లేత పసుపు కండువాతో. భుజాన ఒకటే సంచి. ఆ నుదురు, ఒకదానితో ఒకటి కలిసిపోయిన ఆ కనుబొమలు నాకు ఎక్కడో బాగా తెలిసినట్టే ఉన్నాయి గానీ, ఎవరివో తట్టలేదు. "పద్మ ఆంటీ మీరేనా? నేను ఆమ్నా చిన్న కూతుర్ని. నా పేరు రీమ్" అని ఇంగ్లీషులో చెప్పింది. నేను ఆ పిల్లను చెయ్యి పట్టుకుని లోపలికి లాగినంత పని చేసి, అమ్మ ఎలా ఉందని అడిగాను. ఆమె సంచి కిందపెట్టి, "అమ్మ కైరోలో పోయింది ఆంటీ, రంజాన్ నెలకు ముందు" అంది.

యుద్ధం మొదలైనప్పుడు వాళ్ళు సూడాన్‌లో ఇల్లూ వాకిలీ వదిలేసి, చేతికందినవి సంచుల్లో వేసుకుని ఈజిప్టు చేరారట. రీమ్ అప్పటికి రెండేళ్ళు ఇంజనీరింగ్ చదివింది. కాలేజీ మూతబడింది, చదివినట్టు రుజువు చేసే కాగితాలూ దొరకలేదు. ఇప్పుడు హైదరాబాదులో మళ్ళీ మొదటి సంవత్సరం నుంచి మొదలుపెట్టడానికి వచ్చింది. కాలేజీ వాళ్ళు సీటిచ్చారు గానీ ఉండటానికి గది దొరకడం లేదు. అన్నం పెడితే తిని, మాట్లాడుతూ మాట్లాడుతూనే సోఫాలో ఒరిగి నిద్రపోయింది. నేను ఎదురుగా కూర్చుని, పడుకున్న ఆ ముఖంలో నా పదిహేడో ఏటిని చూస్తూ చాలాసేపు ఉండిపోయాను.

మా ఇల్లు చిక్కడపల్లిలో, లైబ్రరీ వెనక సందులో ఉండేది. షాబాదు బండలు పరిచిన పొడుగాటి వరండా, దాని చివర నల్లా, నల్లా పక్కన కరివేపాకు చెట్టు. సాయంత్రం నాలుగింటికి మున్సిపాలిటీ నీళ్ళు వచ్చేవి. నీళ్ళకు ముందు నల్లాలోంచి గాలి ఈలవేసినట్టు వచ్చేది, ఆ ఈల వినగానే మా అమ్మ ఇత్తడి బిందెలతో, మా నాయినమ్మ చీపురుతో వరండాలోకి వచ్చేవాళ్ళు. తడిసిన బండల వాసన, లోపల నాయినమ్మ పెట్టిన పోపు వాసన, తాత చదువుతున్న ఉర్దూ పేపరు సిరా వాసన మూడూ కలిస్తే అది మా ఇంటి సాయంత్రం. తాత పడకకుర్చీ వరండాకు ఎడమ చివర ఉండేది. ఆయన టీని సాసర్‌లో పోసుకుని, రెండు ఉస్మానియా బిస్కెట్లు ముంచుకు తిని, మూడోది నాకు ఉంచేవాడు. నారాయణగూడ చౌరస్తాలోని ఇరానీ హోటల్ నుంచి ఆ బిస్కెట్లను వారానికోసారి తానే నడిచి వెళ్ళి తెచ్చుకునేవాడు. ఇంకెవరు తెచ్చినా అవి మెత్తబడ్డాయనేవాడు.

తాతది పాలమూరు జిల్లా, పట్వారీల కుటుంబం. నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదువుకున్నాడు. బడిలోనే కాదు, యూనివర్సిటీలో గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం అన్నీ ఉర్దూలోనే. ఆయన డిగ్రీ చేతికొచ్చిన కొన్నాళ్ళకే రాజ్యం మారింది, చదువుల భాష ఇంగ్లీషైంది. గణితం చెప్పాలని కోరిక ఉన్న మనిషిని, నీకు ఇంగ్లీషు రాదు కదా అని ఏ కాలేజీ తీసుకోలేదు. పాత భూమి కాగితాలు ఉర్దూలో ఉంటాయి గనక వాటిని చదివిపెట్టే గుమస్తాగా ఒక దఫ్తర్లో చేరి, ముప్పై ఏళ్ళు ఇతరుల పొలాల హద్దులు చదివి, రిటైరై వచ్చి ఆ పడకకుర్చీలో కూర్చున్నాడు.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. ఎనిమిదో తరగతిలో ఉండగా నాకు జ్యామెట్రీ అర్థంకాక తాత దగ్గర కూర్చునేదాన్ని. ఆయన బాగానే చెప్పేవాడు. కానీ త్రిభుజాన్ని ముసల్లస్ అనేవాడు, కోణాన్ని జావియా, వృత్తాన్ని దాయిరా. ఒకరోజు క్లాసులో టీచరు అడిగితే నా నోట ముసల్లస్ అని వచ్చేసింది. పిల్లలందరూ నవ్వారు. నేను ఇంటికొచ్చి పుస్తకం విసిరికొట్టి, "నీ లెక్కలు మాకు పనికిరావు తాతా" అన్నాను. ఆయన పుస్తకం తీసి, దుమ్ము దులిపి, నా బల్లమీద పెట్టాడు. ఆ తరవాత నా నోటుపుస్తకాలు ఏనాడూ ముట్టుకోలేదు. పిల్లలు అనే మాటలను పెద్దవాళ్ళు మరిచిపోతారని నేను అప్పుడు అనుకునేదాన్ని.

ఆమ్నా నాకు డిగ్రీ మొదటి సంవత్సరంలో కలిసింది. నారాయణగూడలో ఆడపిల్లల కాలేజీ, లెక్కలు ముఖ్యమైన గ్రూపు. నేను తెలుగు మీడియం నుంచి వచ్చాను, ఇంగ్లీషు పాఠాలు నా తల పైనుంచి పోయేవి. ఆమె అరబ్బీ మీడియం నుంచి వచ్చింది, ఆమెకైతే అవి పక్కనుంచి కూడా పోయేవి కావు. ఏమీ అర్థంకాని వాళ్ళం కాబట్టి చివరి బెంచీలో పక్కపక్కన చేరాం. తను బర్కత్‌పురలో హాస్టల్లో ఉండేది. అన్న ఉస్మాన్ ఫార్మసీ చదువుతూ కాచిగూడ దగ్గర స్నేహితులతో ఉండేవాడు. చెల్లెల్ని చదివించాలని పట్టుబట్టి తీసుకొచ్చింది అతనే. కానీ తండ్రి ఒక షరతు పెట్టాడు. మొదటి ఏడు గట్టెక్కితే సరే, లేకపోతే వెనక్కి పంపించెయ్యాలి. అక్కడ పెళ్ళికి మనిషిని కూడా చూసిపెట్టారు. ఈ సంగతి ఆమ్నా నాకు సగం ఇంగ్లీషులో, సగం చేతులతో చెప్పింది.

సంక్రాంతి సెలవుల ముందు పెట్టిన పరీక్షలో ఆమెకు లెక్కల్లో యాభైకి ఆరు వచ్చాయి. కాగితం నిండా ఎర్ర గీతలు. సాయంత్రం కాలేజీ గేటు దగ్గర గోడకానుకుని నిలబడి ఉంది, ఏడవటం కూడా లేదు. అలాంటి మనిషిని ఒంటరిగా హాస్టలుకు పంపబుద్ధి కాక, నాతో రమ్మని చిక్కడపల్లికి నడిపించుకు వచ్చాను.

తాత పేపరు చదువుతున్నాడు. ఆమ్నా మెట్లెక్కుతూనే ఆ పేపరు వైపు చూసి ఆగిపోయింది. దగ్గరికి వెళ్ళి, వంగి, పెద్దక్షరాల శీర్షికను కూడబలుక్కుని పైకి చదివింది. లిపి అరబ్బీదే కాబట్టి అక్షరాలన్నీ చదివింది గానీ అర్థం తెలియదు. మా ఇంట్లో ఆ పేపరును తాత తప్ప ఇంకొకరు చదవగా అదే మొదటిసారి వినడం. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఆమెను చూశాడు, నన్ను చూశాడు.

"ఎవరు పిల్లా?"

"మా క్లాసు పిల్ల తాతా. సూడాన్ నుంచి వచ్చింది. లెక్కల్ల మార్కులు రాలే."

"ఏదీ, కాయిదం తే."

ఆ జవాబు కాగితాన్ని ఆయన చాలాసేపు చూశాడు. ఒకసారి దూరంగా పెట్టి, ఒకసారి దగ్గరగా పెట్టి. నాకు లోపల్లోపల సిగ్గుగా ఉంది, ఈయనకు ఇంగ్లీషు లెక్కలు ఏం అర్థమవుతాయని. తరవాత ఆయన వేలు కాగితం కుడి అంచున పెట్టి, మెల్లగా ఎడమకు జరపడం మొదలుపెట్టాడు. ఒక వరుస, ఇంకో వరుస. పెదవులు కదులుతున్నాయి.

"గీ పిల్లకు లెక్కలు రావని ఎవరన్నరు?"

"మా మేడం. యాభైకి ఆరిచ్చింది."

"మీ మేడం ఎటుదిక్కు నుంచి చదివింది?"

నాకు అర్థం కాలేదు. అయిదులోంచి మూడు తీస్తే రెండు అని మనం ఎడమనుంచి రాస్తాం. ఆమ్నా దాన్నే కుడినుంచి రాసుకుంటూ వచ్చింది, వాళ్ళ దేశంలో బడిలో అలాగే నేర్పారు. అక్షరాలు, అంకెలు ఇంగ్లీషువి పెట్టింది గానీ, తొందరలో చెయ్యి పాత దారినే పోయింది. ఎడమనుంచి చదివేవాళ్ళకు అది, రెండు అంటే మూడులోంచి అయిదు తీసివేయడం అన్నట్టు కనబడుతుంది. ఎక్కువ, తక్కువ గుర్తులన్నీ తిరగబడతాయి. తాత వేలితో వరుసలన్నీ అయిపోయేదాకా చదివి, కాగితాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నలభైకి తక్కువ రావద్దు దీనికి. నేను చిన్నప్పుడు బడిల గిట్లనే రాసేది. కాలేజీకి పోయినంక దిక్కు మార్చుకోవాల్నంటే పానం మీదికొచ్చింది" అన్నాడు. ఆ తరవాత ఆమ్నా వైపు తిరిగి, కాగితం మీద బొమ్మను చూపించి, "ముసల్లస్" అన్నాడు. ఆమె కళ్ళు పెద్దవి చేసుకుని, "ముథల్లథ్" అంది. "జావియా" అన్నాడు. "జావియా" అంది. "దాయిరా?" "దాయిరా." ఉర్దూ శాస్త్రపదాలను వెనకటి పండితులు అరబ్బీ నుంచి తెచ్చుకున్నారని నాకు తరవాత తెలిసింది. ఆ సాయంత్రం మాత్రం, దేశం కాని దేశపు పిల్ల, గంట కిందట గోడకానుకుని రాయిలా నిలబడ్డ పిల్ల, మా తాత నోట్లోంచి ఒక్కొక్క మాట వస్తుంటే చిన్నపిల్లలా నవ్వడం చూశాను. బలం కువ్వత్, వేడి హరారత్, ద్రావణం మహ్లూల్. ఎన్ని చెప్పినా ఆమెకు తెలుసు.

మర్నాడు తాత ఇస్త్రీ షేర్వానీ వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని కాలేజీకి వచ్చి, మా మేడంను కలిశాడు. ఆవిడ మంచి మనిషి. మొదట చిరునవ్వుతో విని, తరవాత తానే కుడినుంచి చదివి చూసి, నిజమే సుమా అంది. "కానీ తాతగారూ, సంవత్సరం చివరి పరీక్ష కాగితాలు దిద్దేది నేను కాదు. అక్కడ ఎవరూ కుడినుంచి చదవరు" అంది. పరీక్షలకు రెండు నెలలకు పైన కొద్ది రోజులు మాత్రమే ఉన్నాయి. ఆ రెండు నెలల్లో ఒక పిల్ల చేతిని మరో దారి పట్టించాలి, మెదడులోని మాటలన్నిటినీ ఇంగ్లీషులోకి తేవాలి.

ఇంట్లో అది అంత సులువుగా సాగలేదు. నాయిన కరెంటు ఆఫీసులో పనిచేసేవాడు, మాట పడటం ఇష్టంలేని మనిషి. అప్పటికే సందులో పిల్లలు ఆమె నల్లరంగును వెక్కిరిస్తూ హబ్షీ వచ్చింది, హబ్షీ వచ్చింది అని వెంటపడుతున్నారు. "రోజూ గా పిల్ల వస్తే నలుగురు నాలుగు మాటలంటరు బాపూ. మనకెందుకు ఈ పరేషాన్?" అన్నాడు. తాత సాధారణంగా కొడుకు మాటకు ఎదురాడేవాడు కాదు. ఆ రోజు మాత్రం సాసర్ కిందపెట్టి, "ముప్పై ఏండ్ల సంది నా చదువు ఎవలకన్న అక్కరకొచ్చిందారా? ఇగ ఒక్క పిల్లకు వస్తదంటే అడ్డం పడకు" అన్నాడు. నాయిన తల దించుకుని లోపలికి వెళ్ళిపోయాడు. నేను ఎనిమిదో తరగతి నాటి నా మాట గుర్తొచ్చి నల్లా దగ్గరికి వెళ్ళి, కట్టి ఉన్న నల్లాను మళ్ళీ కట్టాను.

ఉస్మాన్ కూడా అనుమానంతోనే వచ్చాడు. ఈ పెద్దాయన ఏం చదువుకున్నాడని నన్ను పక్కకు పిలిచి అడిగాడు. తాతకు అది వినబడింది. లోపలికి వెళ్ళి, పెట్టె అడుగునుంచి చుట్టచుట్టిన తన డిగ్రీ పట్టా తెచ్చి చేతికిచ్చాడు. పూర్తిగా ఉర్దూలో ఉంటుంది. మా నాయినకు చదవడం రాదు, నాకు రాదు. ఉస్మాన్ నిలబడే దాన్ని చివరిదాకా చదివాడు. గణితం అన్న మాట దగ్గర వేలుపెట్టి, "రియాజియాత్" అని, రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు. ఆ మధ్యాహ్నం అతన్ని భోజనానికి ఉండమన్నాం. తాత మర్యాదగా ఏదో మాట్లాడాలని ప్రయత్నించి తెల్లమొహం వేశాడు. అరబ్బీలో త్రిభుజం తెలుసు, వర్గమూలం తెలుసు, పదార్థాల సాంద్రత తెలుసు. ఇంకొంచెం పులుసు పోసుకో నాయనా అనడానికి మాత్రం మాట లేదు. చివరికి పులుసు గిన్నె చూపించి "మహ్లూల్" అన్నాడు. ఉస్మాన్ పొలమారేలా నవ్వాడు.

రోజూ నల్లా నీళ్ళు పట్టుకోవడం అయ్యాక, తడి బండలమీద చాప పరుచుకుని కూర్చునేవాళ్ళం. తాత ఉర్దూలో చెప్పేవాడు, ఆమ్నా అరబ్బీలో పట్టుకునేది, దాన్ని ఇంగ్లీషు పుస్తకంలో ఏమన్నారో వెతికిపెట్టడం నా పని. వెతికే క్రమంలో నాకూ పాఠం వచ్చేసేది. ఎడమనుంచి మొదలుపెట్టడం అలవాటు కావడానికి, ప్రతి వరుసకు ముందు పెన్సిలుతో ఒక చిన్న బాణం గీయమన్నాడు తాత. కాగితం మీద బాణాలు చూస్తే చీమల బారులా ఉండేవి. మొదట్లో బాణం గీసి మరీ కుడినుంచి మొదలుపెట్టేది. తాతకు కోపం రాదు. "మళ్ల గియ్యి బేటీ" అనేవాడు, అంతే. ఒకరోజు బొమ్మ గీస్తూ గీస్తూ ఆగి, నా వైపు చూడకుండానే, "తెలుగుల దీన్ని ఏమంటరు పిల్లా?" అని అడిగాడు. త్రిభుజం అన్నాను. "త్రిభుజం" అని మెల్లగా అనుకుని, తన పుస్తకంలో ముసల్లస్ పక్కన తెలుగు అక్షరాలతో రాసుకున్నాడు. మర్నాడు కోణం అడిగాడు. నేను ఆయనకు క్షమాపణ చెప్పలేదు. ఆయన అడిగినవన్నీ చెప్పాను.

నాయినమ్మ సంగతి వేరు. ఆవిడ మడి, ఆచారం గల మనిషి. ఆమ్నా అని నోరు తిరగక ఆమని అని పిలిచేది. ఆ పిల్ల ఒంటికి చుట్టుకునే తోబ్ అనే పొడుగాటి బట్టను పట్టి చూసి, "గిది చీరెనే, కుచ్చిళ్ళు పెట్టుడు తెల్వదు పాపం" అంది. ప్రేమగానే ఉండేది. కానీ టీ ఇవ్వడానికి మాత్రం ఒక స్టీలు గ్లాసు వేరుగా పెట్టింది. అది వరండా గోడ గూట్లో ఉండేది. ఆమ్నా తాగి, తానే నల్లా దగ్గర కడిగి, మళ్ళీ గూట్లో బోర్లించేది. ఆ గ్లాసు అక్కడ ఎందుకుందో నాకు తెలుసు, అటువైపు చూడటం మానుకునేదాన్ని. ఒకరోజు హాస్టలుకు నడుస్తూ ఆమ్నా చెప్పింది, తను వాళ్ళమ్మకు ఉత్తరం రాసిందట. ఇక్కడ ఒక ఇంట్లో నాకోసం ప్రత్యేకంగా ఒక గ్లాసు పెట్టారు, ఇంకెవరినీ దాంతో తాగనివ్వరు, అంత గౌరవంగా చూస్తారు అని.

నేను ఇంటికొచ్చాక నాయినమ్మ బియ్యం ఏరుతోంది. పక్కన కూర్చుని ఆ ఉత్తరం సంగతి చెప్పాను, ఉన్నదున్నట్టు. ఆవిడ చేట ఆగిపోయింది. "గట్ల రాసిందా?" అంది. బియ్యంలో లేని రాళ్ళు ఏరుతూ కూర్చుంది.

మర్నాడు గూట్లో గ్లాసు లేదు. వంటింట్లో మిగతా గ్లాసుల్లో కలిసిపోయింది, అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి అది ఏదో తెలియదు. నాయినమ్మ అందరికీ కలిపి పళ్ళెంలో టీలు తెచ్చింది. ఆమ్నా గూటివైపు చూసి, పళ్ళెంవైపు చూసి, ముఖం చిన్నబుచ్చుకుంది. "నా గ్లాసు ఏది?" అని నన్ను అడిగింది. తను ఏదో తప్పు చేసిందనీ, అందుకే గ్లాసు తీసేశారనీ అనుకుంది. నాయినమ్మకు భాష రాకపోయినా విషయం అర్థమైంది. పళ్ళెం ఆమె ముందుకు జరిపి, "అన్నీ నీయే బిడ్డా, ఏదన్న తీస్కో" అంది. ఆ తరవాత పదిరోజులకే ఆమ్నా వంటింట్లోకి వెళ్ళింది. నాయినమ్మ జొన్నపిండి జల్లిస్తుంటే ఆ వాసనకు పాఠం మధ్యలోంచి లేచిపోయి, పిండి పిడికిట పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వాళ్ళూ జొన్నలే తింటారట. పిండిని పులియబెట్టి కాగితమంత పల్చగా పోస్తారట, దాన్ని కిస్రా అంటారట. మర్నాడు పిండి పులిశాక నాయినమ్మ పెనం ఇచ్చి, పొయ్యి ముందునుంచి లేచి చోటిచ్చింది. మూడు కిస్రాలు మాడిపోయాక నాలుగోది వచ్చింది. మేం చింతకాయ తొక్కుతో తిన్నాం.

పరీక్షలు ఎండలు ముదిరాక జరిగాయి. ఫలితాలు పేపర్లో సబ్జెక్టులవారీగా నంబర్ల వరుసల్లో పడేవి. ఆ ఉదయం తాత ఎవరికీ చెప్పకుండా నారాయణగూడ చౌరస్తా దాకా నడిచి వెళ్ళి తెలుగు పేపరు కొనుక్కొచ్చాడు. ఆయన తెలుగు పేపరు కొనడం నేను చూడటం అదే మొదలు. వరండాలో నిలబడి ఆమ్నా నంబరు వెతికాడు. లెక్కలు పాసైంది. భౌతికశాస్త్రం, రసాయనం పాసయ్యాయి. ఇంగ్లీషు పోయింది. ఇంగ్లీషు ఒక్కటీ మళ్ళీ రాసుకోవచ్చు, సంవత్సరం నిలిచింది. తరవాత మార్కులు వస్తే లెక్కల్లో నాకంటే తొమ్మిది ఎక్కువ. ఉస్మాన్ తండ్రికి తంతి కొట్టాడు. తాత పేపరు మడిచి, నాయినమ్మతో "జర చాయ్ పెట్టు" అని, తాగకుండానే దాన్ని చల్లారబెట్టాడు. నేను చూస్తుండగా ఆయన కండువాతో రెండుసార్లు కళ్ళజోడు తుడిచాడు, మూడోసారి కళ్ళు తుడుచుకున్నాడు.

మూడేళ్ళూ ఆమ్నా మా వరండాలోనే చదివింది. రెండో ఏటి నుంచి ఆమె వెంట ఇంకో ఇద్దరు వచ్చేవాళ్ళు, యెమెన్ వాళ్ళు. అప్పుడు నాయినే పొడుగాటి బల్ల ఒకటి చేయించి తెచ్చి, ఎవరితోనూ ఏమీ అనకుండా వరండాలో వేయించాడు. తాత ఆ మూడేళ్ళలో నడుము నిటారుగా పెట్టుకుని నడిచాడు. ఆమ్నా డిగ్రీ పట్టా తీసుకుని వెళ్ళిపోయిన తరవాతి చలికాలంలో ఆయన నిద్రలోనే పోయాడు. అప్పటికి ఆమె తన ఊళ్ళో ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు. నేను కూడా అదే పనిలో పడ్డాను. జూనియర్ కాలేజీలో ఒక జీవితమంతా లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఉత్తరాలు కొన్నేళ్ళు నడిచాయి, తరవాత పెళ్ళిళ్ళూ పిల్లలూ వచ్చి పల్చబడ్డాయి, మళ్ళీ ఫోన్లు వచ్చాక పండగలకు ఒక పలకరింపుగా మిగిలాయి. యుద్ధం మొదలయ్యాక నేను పంపిన మెసేజీలకు ఆమె నుంచి ఎప్పుడూ ఒకటే జవాబు, బాగానే ఉన్నాం అని. నేను దాన్ని నమ్మి ఊరుకున్నాను. నమ్మడం సులువు కాబట్టి నమ్మాను.

ఇప్పుడు ఆ సందులో మా ఇల్లు లేదు, నాలుగంతస్తుల హాస్టలు ఉంది. గ్రూపు పరీక్షలకు చదివే పిల్లలు అందులో ఒక్కో గదికి ఆరుగురు ఉంటారు. అశోక్‌నగర్ నిండా జిరాక్సు షాపులు, స్టడీ హాళ్ళు. స్టడీ హాల్లో మనిషికో చెక్క గూడు, గూటికో దీపం, పక్కవాడి మొహం కనబడకుండా అడ్డం పలక. చదువుకునే పిల్లలు మా కాలంలోకంటే వందరెట్లు ఎక్కువ, కష్టపడటం కూడా ఎక్కువే. హిమాయత్‌నగర్ నుంచి ఆదివారాలు వచ్చే నా మనవరాలికి లంబకోణం అంటే తెలియదు, ఆ తెలుగు పదాలు ఇప్పుడు నాతోపాటు రిటైరయ్యాయి. అందుకు నాకు బాధ లేదు, తాత పడ్డ బాధేమిటో మాత్రం ఆలస్యంగా తెలిసింది.

రీమ్‌కు గది కోసం వారం రోజులు తిరిగాం. ఫోన్లో మర్యాదగా మాట్లాడినవాళ్ళు పిల్లను చూశాక ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామనేవాళ్ళు. చివరికి మా ఆయనతో, మన వెనక గది ఖాళీగానే ఉంది కదా అన్నాను. ఆయన ఆ గదిలో బట్టలు ఆరేసే తీగ విప్పడం మొదలుపెట్టాడు. మర్నాడు మా అపార్ట్‌మెంటు సెక్రటరీ మెట్లమీద ఆపాడు.

"మేడం, బయటి దేశపోళ్ళకు కిరాయికి ఇయ్యొద్దని మనమే కద రూల్ పెట్టుకున్నం."

"కిరాయికి ఇస్తలే. మా ఇంట్లనే ఉంటది."

"చుట్టాలైతే వేరే ముచ్చట మేడం."

"చుట్టమే" అన్నాను.

అతను నన్నూ, మెట్లెక్కి వస్తున్న రీమ్‌నూ మార్చిమార్చి చూసి పక్కకు జరిగాడు. నిజం చెప్పొద్దూ, ఆ రూలు పెట్టిన మీటింగులో నేనూ ఉన్నాను. ఏడాది కిందట, చేతులెత్తమన్నప్పుడు నేనూ ఎత్తాను. తాత, నాయినమ్మల ఇంట్లో పెరిగిన మనిషిని, ఎందుకెత్తానో ఇప్పుడు గుర్తు చేసుకుంటే గుర్తు రావడం లేదు. అందరూ ఎత్తారు కాబట్టి ఎత్తి ఉంటాను.

ఆమె కాలేజీ మొదలైన రోజున నేను నా పాత లెక్కల నోట్సు దుమ్ముదులిపి భోజనాల బల్లమీద పెట్టుకుని కూర్చున్నాను, ఏ మాట ఎక్కడ అడుగుతుందోనని. రీమ్ వచ్చి నవ్వింది. ఆమెకు ఇంగ్లీషు నాకంటే బాగా వచ్చు. రాని మాటను ఫోనుకు చూపిస్తే అది క్షణంలో అరబ్బీలో చెప్పేస్తుంది. నోట్సు రెండు పేజీలు తిప్పి, "ఇది నాకు వచ్చు ఆంటీ" అంది, నన్ను నొప్పించకుండా ఎలా చెప్పాలా అని చూస్తూ. సరే, నువ్వు చదువుకో తల్లీ అని పుస్తకాలు ఏరుకుని లేచాను. వంటింటి గుమ్మం దాకా వెళ్ళాక వెనకనుంచి పిలిచింది.

"ఆంటీ, మీకు పనుందా?"

లేదన్నాను.

"కైరోలో నేను చదువుకుంటుంటే అమ్మ పక్కన కూర్చునేది. ఏమీ చెప్పేది కాదు, తన పని తను చేసుకునేది. ఒక్కదాన్నే కూర్చుంటే నాకు అక్షరాలు కనబడటం లేదు." ఆమె పుస్తకం తెరిచి ఉంది గానీ చూపు దానిమీద లేదు. "మీరేమీ చెప్పక్కర్లేదు. కాసేపు ఇక్కడ కూర్చుంటే చాలు."

ఫ్రిజ్‌లోంచి బెండకాయలు, చాకూ తెచ్చుకుని, ఆమె ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చున్నాను.